పెరటికి తగిన కోడి – ఊరికి ఒక టీకా దినం

(చౌటుప్పల్‌లో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత పశువైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)



బర్రెల మేత గురించి మాట్లాడమంటారని అనుకున్నాను. పెరటి కోళ్ళ గురించి చెప్పమన్నారు. సంతోషమే. పాల బిల్లు పదిహేను రోజులకు ఒకసారి చేతికి వస్తుంది. అందులో దాణా బాకీ పోతుంది, అప్పు కంతు పోతుంది. గుడ్డు డబ్బు అలా కాదు. ఉప్పుకు, సబ్బుకు, పిల్లవాని నోటుబుక్కుకు ఇంటి ఆడమనిషి ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టుకునే డబ్బు అది. కోళ్ళు చచ్చినాయంటే ఆమె కొంగుముడి ఊడినట్లే. అందుకని ఈ సంగతిని చిన్నదిగా తీసుకోవద్దని మనవి.

మొదట నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. పశువైద్యం చదివే రోజుల్లో ఎండాకాలం సెలవులకు ఇంటికి వస్తూ అంగడిలో ఒక డేగ పుంజును కొని అమ్మకు తెచ్చాను. మంచి రంగు, మంచి నడక. మూడో రోజుకు అది రెక్కలు వాల్చి మూలకు కూర్చుంది. పది రోజుల్లో మా ఇంటి కోళ్ళు పద్నాలుగూ పోయాయి. నెల తిరగకముందే వాడకట్టులో కోడి కూత వినపడలేదు. అమ్మ నన్ను ఏమీ అనలేదు. పక్కింటివాళ్ళు అమ్మను అన్నారు. కొక్కెర తెగులు పాఠం అప్పటికే నేను చదివి, పరీక్ష కూడా రాసి ఉన్నాను.

అందుకే ఈ రోజు రెండు మాటలు చెప్తాను. ఏ కోడిని పెంచాలో ఎవరి ఇంటిని బట్టి వారు నిర్ణయించుకోవాలి. ఆ కోడిని బతికించుకోవడం మాత్రం ఊరంతా కలిస్తేనే అవుతుంది.

ముందు ఇంటిని చూసుకోండి

కోడిని కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. పగలు ఇంటి దగ్గర ఎవరైనా ఉంటారా? రాత్రికి తలుపు మూసే గూడు ఉన్నదా? సాయంత్రం చల్లే గింజలు ఇంట్లో పండుతాయా, కొనాలా?

పొద్దున పోయి పొద్దుగూకి వచ్చే ఇల్లయితే మీకు నాటు కోడే తగినది. అది పన్నెండు, పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ఇరవై ఒక్క రోజులు కదలదు. ఏడాదికి యాభై, అరవై గుడ్లు మించవు. ఇంత తక్కువా అని తీసిపారేయకండి. అది తన తిండి తాను వెతుక్కుంటుంది. గద్ద నీడ పడితే పిల్లలను రెక్కల కిందికి పిలుస్తుంది. దాని విలువ గుడ్లలో లేదు, తల్లితనంలో ఉన్నది.

పొదిగించే గుడ్లను వారం రోజులకు మించి నిలువ ఉంచకండి. మట్టి కుండలో ఇసుక పోసి చల్లటి చోట పెట్టండి. ఏడెనిమిదో రాత్రి టార్చిలైటు వెలుగులో గుడ్డును చూస్తే ఎర్రటి నరాలు కనపడాలి. ఏమీ కనపడని గుడ్డును తీసేయండి. ఏప్రిల్, మే ఎండల్లో పొదగేస్తే మన ప్రాంతంలో సగం గుడ్లు మురిగిపోతాయి. వానలు పడి చల్లబడిన తరువాతనే మేలు.

అసీలు కోళ్ళు మన తెలుగు నేలకు పేరు తెచ్చిన జాతి. రంగును బట్టి కాకి, డేగ, నెమలి, పర్ల అని పిలుస్తారు. మాంసానికి మంచి ధర ఉన్నది. పెట్ట పిల్లలను బాగా సాకుతుంది. కాని గుడ్లు తక్కువ, రెండు పుంజులు ఒక పెరట్లో ఇమడవు. పందెం కోసం పెంచే ఆలోచన మానుకోండి. జంతువులను పోట్లాటకు పెట్టడం 1960 నాటి చట్టం ప్రకారం నేరం.

మేలు జాతులు

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో 1988లో ఏర్పడిన జాతీయ కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజ, గ్రామప్రియ అనే రకాలను పెరటి పెంపకం కోసమే తయారు చేసింది. అక్కడే విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం నుంచి రాజశ్రీ వచ్చింది. ఇవి రంగు రంగుల ఈకలతో నాటు కోడిలాగే ఉంటాయి. కనుక అంగడిలో నాటు కోడి ధరకు దగ్గరగా పోతాయి.

వనరాజ మాంసానికి, గుడ్లకు రెండింటికీ పనికొస్తుంది. పుంజులు మూడు నెలలకే అమ్మకానికి వస్తాయి. పెట్ట ఏడాదికి వంద గుడ్లకు పైన పెడుతుంది. అయితే బరువైన కోడి, గద్ద వస్తే నాటు కోడి అంత చురుకుగా తప్పించుకోలేదు. పెద్దయిన పెట్టకు తిండి ఎక్కువ పెడితే కొవ్వు పట్టి గుడ్లు తగ్గుతాయి. గ్రామప్రియ గుడ్ల కోసం. సాయంత్రం గింజలు తప్పకుండా వేస్తే ఏడాదికి నూట ఎనభై నుంచి రెండు వందల దాకా పెట్టగలదు. ఇంట్లో ముసలమ్మ అయినా ఒకరు కనిపెట్టి ఉండే ఇంటికి ఇది బాగుంటుంది.

ఒక్క మాట మరువకండి. ఇవి పొదగవు. వాటి గుడ్లను నాటు కోడి కింద పెట్టి పిల్లలను తీస్తే ఆ పిల్లలకు తల్లి గుణం పూర్తిగా రాదు, గుడ్లు తగ్గుతాయి. మేలు జాతి వచ్చిందని నాటు కోళ్ళన్నీ అమ్మేసిన ఇంట్లో రెండేళ్ళకు ఏదీ మిగలదు. అయిదారు గ్రామప్రియ పెట్టలు ఉంటే రెండు నాటు పెట్టలైనా ఉండాలి.

తెల్ల లెగ్‌హార్న్ షెడ్డులోని బోనుకు పుట్టిన కోడి. పూర్తి దాణా లేనిదే గుడ్డు పెట్టదు. పెరట్లో వదిలితే తెల్లటి రంగు గద్దకు దూరం నుంచే కనపడుతుంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా నుంచి వచ్చిన కడక్‌నాథ్ నల్లకోడికి 2018లో భౌగోళిక గుర్తింపు దొరికింది. మంచి కోడే. కాని కొనేవాడు మీ ఊరికి దగ్గరలో ఉన్నాడని తేల్చుకున్న తరువాతనే పిల్లలకు ఎక్కువ ధర పెట్టండి.

ఇతర పక్షులు

గినీకోడి మెట్ట ప్రాంతానికి తగిన పక్షి. పురుగులను, పశువుల కొట్టం చుట్టూ ఉండే గోమార్లను ఏరి తింటుంది. పాము గాని, కొత్త మనిషి గాని కనపడితే వాడంతా లేచేటట్లు అరుస్తుంది. ఆ అరుపు ఇరుగుపొరుగు ఓర్చుకోవాలి. గుడ్లు వానాకాలంలోనే ఎక్కువ. పొదగడానికి ఇరవై ఆరు నుంచి ఇరవై ఎనిమిది రోజులు పడుతుంది. ఆ పనికి నాటు పెట్టనే నమ్ముకోండి. టర్కీకి పచ్చి ఆకు ఇష్టం, బరువు బాగా వస్తుంది. కాని దాని పిల్లలకు మొదట్లో తినడం కూడా చూపించాలి. అనుభవం లేనివారు దానితో మొదలు పెట్టవద్దు. బాతులు మిర్యాలగూడ ఆయకట్టులో కోసిన మళ్ళకు బాగుంటాయి. చెరువు ఎండిపోయే ఊళ్ళకు కావు. కౌజు పిట్టలు బోనులో పెంచే వ్యాపారం, పెరటి పని కాదు.

మొదటి ఆరు వారాలు

కోడిపిల్లలు చచ్చేది ఎక్కువగా ఈ రోజుల్లోనే. తల్లి లేని పిల్లలకు మీరే తల్లి. గుండ్రంగా తడక కట్టి, నేల మీద రెండంగుళాలు వరి పొట్టు పరచి, మొదటి రోజులు దాని మీద కాగితం వేయండి. పిల్లకు రెండు వాట్ల లెక్కన బల్బు పెట్టండి. ఇరవై అయిదు పిల్లలకు అరవై వాట్లది చాలు. పిల్లలు బల్బు కింద గుంపు కడితే చలి, తడక అంచుకు పారిపోతే వేడి ఎక్కువ. సమంగా పరుచుకొని పడుకుంటే సరిపోయినట్లు. కరెంటు పోయిన రాత్రికి బొగ్గుల కుంపటి సిద్ధంగా ఉండాలి. పొగ పట్టనీయకండి. ఆరు వారాలు దాటి ఈకలు నిండాకనే బయటికి వదలండి.

మేత, పశువుల కొట్టం

పగలు తిరిగి వచ్చిన మేలు జాతి కోడికి సాయంత్రం పిడికెడు నూకలు, జొన్నలు లేదా సజ్జలు వేయండి. గుడ్లు పెట్టే కోడికి నత్తగుల్లల పొడి కావాలి. లేకపోతే తోలు గుడ్లు వస్తాయి. మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతం ఒకప్పుడు ఆముదాల సీమ. ఆముదం గింజ, ఆముదం పిండి కోళ్ళకు విషం. చేలకు ఎరువుగా తెచ్చిన ఆ పిండి బస్తాను కోడి పొడవకుండా చూడండి. పురుగుమందు పట్టించిన పత్తి గింజలూ అంతే. బూజు పట్టిన మక్కలు, పల్లి చెక్క బర్రెకూ వద్దు, కోడికీ వద్దు.

పెంటకుప్పలో కోడి గీకితే పురుగులు తగ్గుతాయి, మంచిదే. కాని పాలు పితికే చోట, గడ్డి తొట్టిలో, క్యాన్ల మీద కోడి ఎక్కరాదు. రెట్ట పడిన పాలకు మీ సంఘం పేరు పోతుంది. గోమార్ల మందు కొట్టిన రోజు కోళ్ళను ఆ కొట్టం దగ్గరికి పోనీయకండి.

టీకా దినం

ఇప్పుడు అసలు మాట. కొక్కెర తెగులును మన దేశంలో 1927లో కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించారు. అందుకే రాణీఖేత్ జబ్బు అంటారు. నోరు తెరిచి ఊపిరి తీయడం, ఆకుపచ్చ రెట్ట, మెడ తిరగడం దీని గుర్తులు. తగిలిన తరువాత మందు లేదు. ముందు వేసే టీకా ఒక్కటే దారి. పిల్లలకు అయిదు నుంచి ఏడు రోజుల లోపల లసోటా చుక్క కంట్లో వేయాలి. ఎనిమిది వారాలు దాటాక ఆర్‌టూబీ సూది రెక్క కింద వేయాలి. ఆరు నెలలకు ఒకసారి మళ్ళీ వేయించాలి. వారం ముందు నులిపురుగుల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది.

ఇంత తెలిసి కూడా ఎందుకు వేయించుకోరు? కారణం బద్ధకం కాదు. ఆ సీసాలో వంద కోళ్ళకు సరిపోయే మందు ఉంటుంది. మీ ఇంట్లో ఉన్నవి అయిదు. సీసా విప్పి కలిపిన తరువాత రెండు గంటల్లో వాడాలి, ఎండ తగలరాదు. అయిదు కోళ్ళ కోసం ఎవరు తెస్తారు? తొంభై అయిదు చుక్కలు మట్టిలో పోస్తారా?

ఒక్కరితో కాని ఈ పని పాల సంఘానికి చేతనవుతుంది. ఇరవై ఇండ్లు, ఇంటికి అయిదు కోళ్ళు, వంద. పాలు పోయడానికి మీరు రోజుకు రెండుసార్లు ఒక్కచోటికి వస్తారు. ఎవరింట్లో ఎన్ని కోళ్ళు ఉన్నవో కార్యదర్శి ఆ పాల పుస్తకం చివరి పేజీలో రాసుకోవచ్చు. సంక్రాంతి దాటిన తరువాత, ఎండలు ముదరకముందు ఒక రోజు పెట్టుకోండి. వానలు వెనుకబడ్డాక ఇంకొక రోజు. ముందు రాత్రి కోళ్ళను గూట్లోనే మూసి ఉంచితే తెల్లవారుజామున పట్టుకోవడం సులువు. మందును ఐసు నింపిన ఫ్లాస్కులో పశువుల దవాఖానా నుంచి తెండి. పాలు చల్లబరిచే ట్యాంకు దగ్గర మాత్రం పెట్టకండి, అది పాల చోటు. యాభై మిల్లీలీటర్ల ద్రావణంలో కలిపితే కోడికి అర మిల్లీలీటరు చొప్పున వందకు సరిపోతుంది. పాల పొద్దు ముగిసేలోపల పని అయిపోతుంది. జబ్బుగా ఉన్న కోడికి టీకా వేయవద్దు.

ఇంకొక విన్నపం. కోడి ముడుచుకోగానే, చచ్చేలోపల అమ్ముకుందామని అంగడికి తీసుకుపోతారు. ఆ రోజు నాకు పుంజును అమ్మినవాడూ అలాంటివాడేనేమో. అమ్మిన రూపాయలు ఒకరివి, చచ్చిన కోళ్ళు ఒక ఊరివి. కొత్త కోడిని తెస్తే రెండు వారాలు వేరే గంప కింద ఉంచండి. చచ్చినదాన్ని సున్నం చల్లి లోతుగా పాతిపెట్టండి, చెరువు కట్ట మీద పారేయకండి. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూ మన చౌటుప్పల్ ప్రాంతం దాకా వచ్చిన సంగతి మీకు తెలుసు. ఒక్కసారిగా చాలా కోళ్ళు చస్తే ఇది కొక్కెరే అని మీరే తేల్చుకోకండి. చేత్తో ముట్టకుండా పశువైద్యునికి కబురు చేయండి.

మా అమ్మ ఆ తరువాత ఏడాది మళ్ళీ రెండు పెట్టలతో మొదలు పెట్టింది. అప్పుడు సెలవులకు వస్తూ పుంజును తేలేదు, ఫ్లాస్కులో సీసా తెచ్చాను. మొదట పక్కింటివాళ్ళ కోళ్ళకు వేయమన్నది అమ్మ.

మీరు ఈ రోజు ఊళ్ళకు పోయాక ఏ కోడి కొందామని తరువాత ఆలోచించండి. రేపు పొద్దున పాలు పోసేటప్పుడు ఎవరింట్లో ఎన్ని ఉన్నవో లెక్క రాయించండి. మిగతా పని ఆ లెక్కలోనే మొదలవుతుంది.