సంఘం పెరగాలంటే పునాది ఎంత లోతుండాలి? | ఎపిసోడ్ 14

  ఈ రోజు ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెడతాను. ఆ తప్పు నాదే.

కొన్నేళ్ల క్రితం పుంగనూరు దగ్గర మా యూత్ మీటింగ్ 11 మందితో మొదలైంది. కీబోర్డ్ కొన్నాం, ప్యాడ్స్ కొన్నాం, మంచి పాటలు నేర్చుకున్నాం. ఏడాది తిరిగేసరికి 70 మంది అయ్యారు. ప్రతి ఆదివారం ఫోటోలు స్టేటస్ పెట్టేవాళ్లం. "సంఘం పెరుగుతోంది, దేవునికి స్తోత్రం" అని రాసేవాణ్ణి. అప్పుడు నిజంగానే అలా అనుకున్నాను.

ఆ 70 మందిలో ఒక తమ్ముడున్నాడు. వయసు 19. వాళ్లమ్మకి క్యాన్సర్ వచ్చింది. మీటింగ్‌లో అందరం ప్రార్థన చేశాం. అది మంచిదే. కానీ నేను ఒక మాట ఎక్కువ అన్నాను. "తమ్ముడూ, నువ్వు గట్టిగా నమ్మితే చాలు, అమ్మ తప్పకుండా బాగవుతుంది" అన్నాను. మూడు నెలలకి ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ తర్వాత వాడు ఒక్కసారే మీటింగ్‌కి వచ్చాడు. అందరూ వెళ్లేదాకా ఆగి నన్ను అడిగాడు: "అన్నా, నా విశ్వాసం చాల్లేదు కాబట్టే అమ్మ పోయిందా?"

నా దగ్గర జవాబు లేదు. వాడు మళ్లీ రాలేదు. వాడి స్నేహితులు ఆగిపోయారు, వాళ్ల స్నేహితులూ ఆగిపోయారు. నాలుగు నెలల్లో 15 మందిమి మిగిలాం. కీబోర్డ్ ఉంది, ప్యాడ్స్ ఉన్నాయి, లేనిదల్లా పునాది.

మా నాయన మేస్త్రీ. మా వైపు నేల సంగతి మీకు తెలుసు, కొన్నిచోట్ల రెండడుగులకే బండ తగులుతుంది, కొన్నిచోట్ల ఆరడుగులు తవ్వినా మెత్తగానే ఉంటుంది. "గట్టి నేల తగిలేదాకా తవ్వాలి నాయనా, లోతు కొలిచి ఆపకూడదు" అనేవాడు. లూకా 6వ అధ్యాయంలో యేసుప్రభువు చెప్పిన ఇల్లు కట్టినవాని ఉపమానం చూడండి. మొదటివాడు లోతుగా తవ్వి బండ మీద పునాది వేశాడు. రెండోవాడు పునాది లేకుండా నేల మీదే కట్టేశాడు. వరద రాకముందు రెండిళ్లలో తేడా కనబడదు. ఫోటో తీస్తే రెండూ బాగుంటాయి. బహుశా రెండోవాడి ఇల్లే ముందు పూర్తయి ఉంటుంది!

మరి నేనెక్కడ తవ్వకుండా వదిలేశాను? విశ్వాసం అంటే ఏమిటో నేర్పలేదు. దేవుడు ఏం వాగ్దానం చేశాడో, ఏం చేయలేదో తేడా చెప్పలేదు. బైబిల్లో పౌలుగారి తోటి సేవకుడు త్రోఫిము సంగతి చూడండి. పౌలు అతణ్ణి రోగిగానే మిలేతులో విడిచి రావలసి వచ్చింది. 2 తిమోతి 4వ అధ్యాయంలో ఉంది. పౌలుకి విశ్వాసం చాల్లేదంటామా? లాజరు సమాధి దగ్గర యేసుప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడు. మరియ, మార్తలను "మీకు విశ్వాసం తక్కువైంది, అందుకే మీ తమ్ముడు పోయాడు" అని నిందించలేదు. ఈ రెండు సంగతులు ఆ తమ్ముడికి ముందే తెలిసుంటే, ఆ ప్రశ్న వాణ్ణి అంతగా నలిపేసేది కాదు.

మదనపల్లె వాళ్లకి ఆరోగ్యవరం తెలుసు. ఆ శానిటోరియం 1912లో మొదలైంది. చాలా మిషన్లు కలిసి నడిపాయి కాబట్టే దాని పేరులో 'యూనియన్ మిషన్' అని ఉండేది. డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్-మొల్లర్ దాన్ని నిలబెట్టాడు. ఒక్కసారి ఆలోచించండి. టీబీకి పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్‌ని కనుక్కున్నది 1943లో. అంతవరకు అక్కడ ఇవ్వగలిగింది ఎక్కువగా విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, మనిషి తోడు. కొందరు బాగయ్యారు, కొందరు కాలేదు. అయినా ఆసుపత్రి మూతపడలేదు. "నమ్మితే వెంటనే బాగవుతుంది" అనే మాట ఒక్కటే పునాది అయితే, మొదటి మరణంతోనే కూలిపోయేది. బాగవకపోయినా మంచం పక్కనే కూర్చోబెట్టే విశ్వాసం వేరు. మాకు లేనిది అదే.

మదనపల్లెలోనే ఇంకో పేరుంది, జేకబ్ ఛాంబర్లెయిన్. అమెరికా నుంచి ఆర్కాట్ మిషన్‌కి వచ్చిన డాక్టర్. 1908లో మదనపల్లెలోనే చనిపోయాడు. తెలుగు బైబిలు సవరణ పనిలో ఆయన ఏళ్ల తరబడి కూర్చున్నాడు. జనం తమ భాషలో తామే చదివి అర్థం చేసుకోవాలి కదా! పుంగనూరు దాటాక పలమనేరు వస్తుంది. అక్కడ 1880ల చివర్లోనే ఆర్కాట్ మిషన్ సెమినరీ పెట్టింది. ఊళ్లలో బోధించేవాళ్లు ముందు తాము నేర్చుకోవాలని.

"అన్నా, అలా నెమ్మదిగా నేర్పుతూ కూర్చుంటే సంఘం ఎప్పుడు పెరుగుతుంది?" అంటారేమో. ఒంగోలు సంగతి వినండి. 1876–78లో భయంకరమైన కరువు. అక్కడి మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి పని ఇచ్చాడు. పనివాళ్ల మధ్య బోధకులు సువార్త చెప్పేవాళ్లు. చాలామంది బాప్తిస్మం అడిగారు. కరువు సహాయం నడుస్తున్నంత కాలం ఆయన ఇవ్వలేదు. కూలి కోసం, కూడు కోసం వస్తున్నారేమో అని ఆగాడు. సహాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. అప్పుడు 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆగడం వల్ల సంఘం తగ్గలేదు, చూశారా?

అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో కూడా ఒక్క రోజే మూడు వేలమంది చేరారు. ఆ వెంటనే వచ్చే వచనంలో మొదట కనబడేది అపొస్తలుల బోధ. తర్వాత సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. సంఖ్య తప్పు కాదు, ప్రియులారా. సంఖ్య దగ్గర ఆగిపోవడమే తప్పు.

ఇప్పుడు కుప్పం తమ్ముళ్లతో ఒక మాట. మీలో చాలామంది రైలెక్కి బెంగళూరు పనికి పోతారు. కొందరు అక్కడే రూముల్లో ఉంటారు. అక్కడ మీ పాస్టర్ అయ్యగారు ఉండరు, అమ్మ ఉండదు. పక్క మంచం మీదున్న స్నేహితుడు "యేసు నిజంగా తిరిగి లేచాడని నీకెలా తెలుసు?" అని అడుగుతాడు. రాత్రి పదకొండింటికి ఒక రీల్ వచ్చి మీ నమ్మకాన్ని ఎగతాళి చేస్తుంది. ఇంకో రీల్ వచ్చి "ఈ వీడియో షేర్ చేస్తే మూడు రోజుల్లో ఉద్యోగం" అంటుంది. నన్నడిగితే రెండోదే ఎక్కువ ప్రమాదం. అది మన భాషలోనే మాట్లాడుతుంది కాబట్టి.

అందుకే మేం ఇప్పుడు మూడు పనులు చేస్తున్నాం. ఒకటి, వారానికి ఒక సువార్త అధ్యాయం, వీడియో కాదు, బైబిలే తెరిచి అందరం చదువుతాం. రెండు, ప్రతి మీటింగ్‌లో అరగంట ప్రశ్నలకే. జవాబు తెలియకపోతే "తెలియదు, వచ్చే వారం చదివి చెప్తా" అంటాం. బెరయలో ఉన్నవాళ్లు పౌలు బోధనే లేఖనాలతో పరిశీలించి చూశారు, నన్ను పరిశీలిస్తే తప్పేంటి? మూడు, ఎవరింట్లో కష్టమొచ్చినా మాటలు చెప్పడానికి ముందు వెళ్లి పక్కన కూర్చుంటాం. ఇప్పుడు 24 మందిమి ఉన్నాం. ఫోటోలు పెట్టడం మానేశాం.

ఆ తమ్ముడు ఏమయ్యాడని అడుగుతారు. నేను వాళ్లింటికి వెళ్లాను. "అమ్మ పోవడానికి నీ విశ్వాసం కారణం కాదురా. ఆ మాట నీ మీద పెట్టింది నేను. క్షమించు" అన్నాను. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత టీ తెచ్చిచ్చాడు. ఇంకా మీటింగ్‌కి రావడం లేదు. కానీ అప్పుడప్పుడు వాట్సాప్‌లో ప్రశ్న పంపుతాడు. మొన్న కూడా ఒకటి పంపాడు. జవాబు కోసం రెండు రోజులు చదివాను.

మీ దగ్గర కూడా ఎవరినీ అడగలేక దాచుకున్న ప్రశ్న ఉండే ఉంటుంది. ఈ వారం మీ సంఘంలో మీరు నమ్మే ఒక్కరిని అడగండి. అడిగేవాళ్లు మీరైతే, వినేవాళ్లను దేవుడు దయచేయును గాక.