‘తెలియదు’ అనగల గురువు

(ఆలయ ప్రవచన మండపంలో ఉపాధ్యాయులను, తల్లిదండ్రులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ముప్పది సంవత్సరాలు పాఠశాలలో బోధించినవాడిగా ఒక్క విషయం మనవి చేస్తాను. జవాబు తెలియని ప్రశ్న ఎదురైనప్పుడే గురువుకు నిజమైన పరీక్ష. పిల్లవాణ్ణి కసరి కూర్చోబెట్టవచ్చు. తోచినదేదో చెప్పి తప్పించుకోవచ్చు. మన ఋషులు ఈ రెండు దారులూ తొక్కలేదు.

అథర్వవేదానికి చెందిన ప్రశ్నోపనిషత్తును స్మరించండి. సమిధలు చేతబూని ఆరుగురు జిజ్ఞాసువులు పిప్పలాద మహర్షిని ఆశ్రయించారు. ఒక సంవత్సరం తపోబ్రహ్మచర్యాలతో, శ్రద్ధతో తన వద్ద నివసించి అటుపిమ్మట అడగమన్నాడాయన. తమకు తెలిసి ఉంటే అంతా చెబుతామన్నాడు. ‘తెలిసి ఉంటే’ అనడంలో ఎంతటి వినయముందో గమనించండి!

ఆ ఆరుగురిలో సుకేశుడొకడు. లోగడ కోసల రాజకుమారుడు హిరణ్యనాభుడు పదహారు కళల పురుషుణ్ణి గూర్చి అతణ్ణి అడిగాడు. సుకేశుడు తనకు తెలియదన్నాడు. అసత్యమాడేవాడు సమూలంగా ఎండిపోతాడని అతని విశ్వాసం. రాజకుమారుడు మౌనంగా రథమెక్కి వెళ్ళిపోయాడు. సుకేశుడు ఆ ప్రశ్నను విడిచిపెట్టలేదు. దానినే తెచ్చి పిప్పలాదుని ముందుంచాడు. అలా ఒక ‘తెలియదు’ నుండి ఉపనిషత్తులోని ఆరవ ప్రశ్న పుట్టింది.

ఛాందోగ్యంలోని ఉద్దాలకుని వృత్తాంతం ఇంకా గొప్పది. ఐదుగురు మహాగృహస్థులు వైశ్వానర విద్య కోసం ఆయన వద్దకు వచ్చారు. వారు అడిగేవాటికన్నిటికీ తాను సమాధానం చెప్పలేకపోవచ్చునని ఆయన తలచాడు. కేకయ రాజు అశ్వపతికి ఆ విద్య తెలుసునని చెప్పి వారిని వెంటబెట్టుకొని బయలుదేరాడు. మరునాటి ఉదయం వారితోపాటు తానూ సమిధలు పట్టుకొని శిష్యుడై నిలిచాడు. అంతమాత్రాన ఆయన గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు; నేటికీ ఆయనను మహర్షిగానే కొలుస్తున్నాము.

అయితే ఏ అశ్వపతి వద్దకూ తీసుకుపోలేని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. చెల్లెలిని పోగొట్టుకున్న ఏడవ తరగతి బాలుడొకడు, “మాస్టారూ, దేవుడు మంచివాడు కదా, మా చెల్లిని ఎందుకు తీసుకుపోయాడు?” అని నన్నడిగాడు. పూర్వకర్మ అని ఒక్క మాట అనవచ్చు. శాస్త్రంలో కర్మసిద్ధాంతం ఉన్నది, నిజమే. కాని ఆ పసివాడికి ఆ మాట తన చెల్లెలిపై మోపిన నేరంలా వినిపిస్తుంది. “నాకు తెలియదు నాయనా” అన్నాను. ఆ సాయంత్రం వాడి పక్కనే కూర్చుని ఆ పాప ముచ్చట్లు చెప్పించుకొని విన్నాను. అటుపైన వాడు ఏ సందేహం వచ్చినా నా దగ్గరకే వచ్చేవాడు.

కనుక ఉపాధ్యాయ మిత్రులారా! ప్రశ్న అడిగిన బిడ్డను ముందు మెచ్చుకోండి. తెలియకుంటే తెలియదనండి. ఆ ప్రశ్నను కాగితంపై వ్రాసుకొని, “రేపు చూసి చెబుతాను” అన్న మాట నిలబెట్టుకోండి. తెలిసినవారుంటే బిడ్డను వెంటబెట్టుకొని వెళ్ళండి. తల్లులారా, తాతలారా! ఆలయంలో మనుమలు ధ్వజస్తంభమెందుకు, ప్రదక్షిణమెందుకు అని అడిగినప్పుడు “అలా అడగకూడదు” అని నోరు మూయించకండి. అర్చకస్వాములను అడుగుదాం పదమనండి.

అబద్ధపు జవాబు ఒకనాడు బయటపడక మానదు. అప్పుడు మనం చెప్పిన నిజాలను సైతం బిడ్డ శంకిస్తాడు. సత్యం పలికే ధైర్యాన్ని ఆ సర్వజ్ఞుడు మనకందరికీ అనుగ్రహించుగాక!

స్వస్తి.