అమెరికా చరిత్ర మనకెందుకు?

(దేవాలయ వార్షికోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠం)



సన్నీబ్యాంక్ పరిసరాల్లోని ఉన్నత పాఠశాలల్లో చదివే మీలో పలువురు పదో తరగతిలో అమెరికా పౌరహక్కుల ఉద్యమాన్ని చదువుతారు. పైతరగతుల్లో చరిత్రను ఎంచుకున్నవారికి అమెరికా విప్లవం కూడా పాఠ్యాంశం కావచ్చు. "మన పూర్వులది భారతదేశం, మనముంటున్నది ఆస్ట్రేలియా, నడుమ అమెరికా గొడవ మనకెందుకు?" అని ఇంట్లో పెద్దలే అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు సమాధానంగానే ఈ నాలుగు మాటలు.

1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో వలసవాసులు 342 తేయాకు పెట్టెలను సముద్రం పాలు చేశారు. ఆ సరుకు ఎవరిది? ఈస్టిండియా కంపెనీది. అంతకు ఏడేళ్ల ముందు, 1766లో, నిజాంతో ఒప్పందం చేసుకుని మన ఉత్తర సర్కారులను పొందిన కంపెనీయే అది. అప్పుల్లో కూరుకుపోయిన ఆ కంపెనీని గట్టెక్కించడానికి బ్రిటిష్ పార్లమెంటు చేసిన తేయాకు చట్టమే బోస్టన్ ప్రజల ఆగ్రహానికి కారణమయింది. 1781లో యార్క్‌టౌన్ వద్ద జార్జి వాషింగ్టన్‌కు లొంగిపోయిన సైన్యానికి అధిపతి కారన్‌వాలీస్. ఐదేళ్లకు ఆయనే గవర్నర్ జనరల్‌గా కలకత్తాలో అడుగుపెట్టాడు. 1793లో బెంగాల్‌లో ఆయన నెలకొల్పిన శాశ్వత శిస్తు పద్ధతిని 1802 నుంచి సర్కారు జిల్లాలకు విస్తరించారు. మీ పూర్వులు అక్కడి జమీందారీ రైతులైతే, వారు తరతరాలుగా మోసిన శిస్తు భారం వెనుక యార్క్‌టౌన్‌లో ఓడిన ఆ సేనాని ఉన్నాడు.

అమెరికా చేజారడంతో ఖైదీలను పంపడానికి బ్రిటన్‌కు మరో చోటు కావలసివచ్చింది. 1788 జనవరి 26న తొలి నౌకాదళం సిడ్నీ తీరాన దిగింది. మన బ్రిస్బేన్ సైతం 1825లో ఖైదీల స్థావరంగానే మొదలయింది. అప్పటికే వేల ఏళ్లుగా ఈ నేల ఆదివాసులది.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై, దక్షిణ రాష్ట్రాల పత్తి ఇంగ్లండు మిల్లులకు అందడం కష్టమయింది. ఆ కొరతలో లాభం చూసిన రాబర్ట్ టౌన్స్ అనే వర్తకుడు మనకు దక్షిణాన లోగన్ నదీతీరంలో పత్తి తోట వేయించి, 1863లో పసిఫిక్ దీవుల నుంచి కూలీలను రప్పించాడు. అబ్రహాం లింకన్ బానిసల విముక్తిని ప్రకటించిన సంవత్సరమూ అదే! ఆ తరువాత చెరకు తోటల కోసం వేలాది దీవులవాసులను తెచ్చారు. వారిలో అనేకులను మోసంతోనో బలవంతంతోనో ఓడలెక్కించారు. 1901లో నూతన ఆస్ట్రేలియా పార్లమెంటు రెండు చట్టాలు చేసింది. ఒకటి ఆ దీవులవాసులను వెనక్కి పంపడానికి, రెండవది మనవంటి వారికి తలుపు మూయడానికి. ఆ తలుపు పూర్తిగా తెరుచుకున్నది 1973లో.

అమెరికాలో 1961లో నల్లవారూ తెల్లవారూ కలిసి బస్సుల్లో సాగించిన స్వాతంత్ర్య యాత్రలు ఇక్కడి ఆదివాసి విద్యార్థి చార్లెస్ పెర్కిన్స్‌కు ప్రేరణనిచ్చాయి. 1965లో ఆయన సిడ్నీ విశ్వవిద్యాలయ విద్యార్థులతో కలిసి న్యూ సౌత్ వేల్స్ పట్టణాల్లో బస్సుయాత్ర చేసి, ఆదివాసి పిల్లలను ఈతకొలనులోకి కూడా రానివ్వని వివక్షను దేశానికి చూపాడు. అదే ఏడాది అమెరికా తన వలస చట్టాన్ని మార్చుకుంది. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మీ పెద్దమ్మ పిల్లలు అక్కడ ఉండగలగడానికి ఆ చట్టమే దారి వేసింది.

చెట్టు నాటినవారు ఒకరు, ఫలం అనుభవిస్తున్నది మనం. ఆ సంగతి తెలియకపోతే, మన స్థానమంతా మన ప్రతిభ వల్లనే వచ్చిందనుకునే ప్రమాదం ఉంది. రేపు మరొకరికి తలుపు మూస్తుంటే మౌనంగా చూస్తూ ఉండిపోయే ప్రమాదం అంతకంటె పెద్దది.

కనుక పాఠం చదివేటప్పుడు అడగండి: సరుకు ఎవరిది? నేల ఎవరిది? చెమట ఎవరిది? లాభం ఎవరికి దక్కింది? తల్లిదండ్రులకు ఒక మనవి: చరిత్రను మార్కుల లెక్కతో తూచి పిల్లల చేత మాన్పించకండి.

మనం ఏ పూజకు కూర్చున్నా ముందు సంకల్పం చెప్పుకుంటాం. ఏ కాలంలో, ఏ దేశంలో, ఏ గోత్రంలో పుట్టి ఇక్కడ కూర్చున్నామో పలికిన తరువాతనే పూజ సాగుతుంది. చరిత్ర చదవడం కూడా అటువంటి సంకల్పమే. అది తెలిసి చేసే పనికి ఫలం ఎక్కువ.

స్వస్తి.