టోన్లే సాప్ దేశం

కంబోడియా అనగానే మనకు అంకోర్ వాట్ గుర్తొస్తుంది. ఆ దేశానికి తిండి పెట్టేది మాత్రం టోన్లే సాప్ సరస్సు. వానాకాలంలో మెకాంగ్ నది పొంగితే, సరస్సును దానితో కలిపే టోన్లే సాప్ నది వెనక్కి పారుతుంది, సరస్సు నాలుగైదు రెట్లు పెరుగుతుంది. నీట మునిగిన అడవిలోనే చేపపిల్లలు ఎదుగుతాయి. ఎగువన కట్టిన ఆనకట్టలు, తడబడే వానలు ఆ పొంగును తగ్గిస్తున్నాయి.

కంబోడియా చరిత్రలోనూ ఓ పెద్ద గాయం ఉంది. 1975 ఏప్రిల్ 17న కమ్యూనిస్టు ఖ్మేర్ రూజ్ సేనలు రాజధాని నాంపెన్‌లో ప్రవేశించి, ఆసుపత్రుల్లోని రోగులను సైతం ఊరు దాటించాయి. 1979 జనవరిలో వియత్నాం సేనలు ఖ్మేర్ రూజ్ నాయకుడు పోల్ పాట్‌ను గద్దె దించేలోగా ఆకలికి, జబ్బులకు, హత్యలకు సుమారు 17 లక్షల మంది బలయ్యారు. చదువుకున్నవాళ్లను వెతికి మరీ చంపారు. ఆ లోటు ఇంకా పూడలేదనే చెప్పాలి. యుద్ధాల నాటి మందుపాతరలు నేటికీ పొలాల్లో పేలుతున్నాయి. వాటిని వాసనతో పసిగట్టడానికి ఎలుకలకు శిక్షణ ఇచ్చారు. నిజమే! మగావా అనే ఎలుకకు 2020లో బంగారు పతకం కూడా దక్కింది.

ఇప్పటి బెడద సైబర్ మోసాల ముఠాలు. ఉద్యోగమని నమ్మి విశాఖ నుంచి వెళ్లిన మన యువకులూ అక్కడ చిక్కుకున్నారు; 2024లో ఈ సంగతి బయటపడింది. ఎవరైనా టూరిస్ట్ వీసా చేతిలో పెట్టి ఉద్యోగమంటే, విమానం ఎక్కకముందే పోలీసులను అడగండి.