యంత్రములోని సామాను పట్టీ

కాపురము మార్చునప్పుడు సామానుల పట్టీ వ్రాసికొనుట మన ఇండ్లలో చిరకాలముగా ఉన్న ఆచారము. ఆడపిల్లను అత్తవారింటికి పంపునప్పుడు సారెతోపాటు పట్టీయు సిద్ధమగును. బిందెలెన్ని, పళ్ళెములెన్ని, చెంబులెన్ని అని పెద్దవారొకరు చెప్పుచుండగా మరియొకరు వ్రాయుదురు. బండి దిగిన పిమ్మట ఆ కాగితము ముందు పెట్టుకొని సరిచూచుకొందురు. అంగడిలోని సరకుల చిట్టాయు, గ్రంథాలయములోని పుస్తకముల పట్టికయు ఇట్టివే. ఆ వస్తువులు కంటికి కనబడునవే. ఐనను మన పెద్దలు జ్ఞాపకమును నమ్ముకొనలేదు, కాగితమును నమ్ముకొనిరి.

కంటికి కనబడని వస్తువుల విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము. కాని అక్కడనే మనము ఏమరియున్నాము. కంప్యూటరు లేని కార్యాలయము నేడు కానరాదు. ఇండ్లలో కూడ అది చేరినది. దానిలో ఏయే ప్రోగ్రాములున్నవో కాగితముమీద వ్రాసి ఉంచుకొన్నవారు మాత్రము అరుదు.

ప్రోగ్రాము అనగానే రేడియో శ్రోతలకు సంగీత కచేరియో, నాటకమో స్ఫురించును. ఇక్కడ మేము ప్రస్తావించుచున్నవి వేరు. ఉత్తరములు వ్రాయుటకు ఒకటి, జమాఖర్చులు చూచుటకు ఒకటి, ఫోటోలు దిద్దుటకు ఒకటి, ప్రింటరును నడపుటకు మరియొకటి. ఇట్లు యంత్రములో పొందుపరచిన ఆజ్ఞల సంపుటములకే ఈ సందర్భమున ఆ పేరు. నాలుగైదు ఏండ్లు గడచుసరికి ఇవి పెక్కు పోగుపడును. కొన్ని మనము కోరి తెచ్చుకొన్నవి; కొన్ని వేరొకదాని వెంట వచ్చి చేరినవి; కొన్ని పిల్లలు ఆటలకై చేర్చినవి.

ఆ పట్టీ యంత్రములోనే ఉన్నది గదా, వేరుగా అచ్చువేసికొనుట ఎందులకని కొందరు అడుగవచ్చును. తాళపుచెవిని ఇంటిలో ఉంచి తలుపు మూసికొని వచ్చినవాని వంటిదే ఆ మాట. యంత్రము చెడిననాడే పట్టీతో పని పడును. ఆనాడే అది చేతికందదు. పిడుగుపాటువలన కాని, దొంగతనమువలన కాని, లోపలి డిస్కు అరిగిపోవుటవలన కాని యంత్రము పోయినచో, దానితోపాటు పట్టీయు పోవును. అప్పుడు కొత్త యంత్రము ముందు కూర్చుండి, పాతదానిలో ఏమేమి ఉండెడివో ఒక్కొక్కటే జ్ఞాపకము తెచ్చుకొనవలసి వచ్చును. ఇప్పుడీ ప్రసంగమునకు మరియొక కారణము కూడ కలదు. విండోస్ 10 అను వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. అందువలన పాత యంత్రములను విడిచి కొత్తవి కొనువారు పెక్కుమంది ఉన్నారు. ఇదియు ఒక విధమైన కాపురపు మార్పే.

మొదట యంత్రము తనలోని సామానును ఎట్లు గుర్తుంచుకొనునో తెలిసికొందము. విండోస్ యంత్రములో రిజిస్ట్రీ అను పెద్ద చిట్టా ఒకటి ఉండును. ఏదైన ప్రోగ్రామును స్థాపించునప్పుడు ఆ ప్రోగ్రాము తన పేరును, తన సంచిక సంఖ్యను, తన్ను తీసివేయు విధానమును ఆ చిట్టాలో నమోదు చేసికొనును. సెట్టింగులలోని ఇన్‌స్టాల్డ్ యాప్స్ అను పుటను తెరచినప్పుడు మనకు కనబడునది చాలవరకు ఈ నమోదులే. కాని ఆ పుటను అచ్చువేయుటకు మీట ఏదియు అక్కడ లేదు. కావున వేరొక మార్గము అవలంబింపవలెను.

ఆ మార్గము కష్టమైనది కాదు. ప్రారంభపు మీట నొక్కి సి, ఎం, డి అను మూడక్షరములు వ్రాసి ఎంటర్ నొక్కినచో నల్లని కిటికీ ఒకటి తెరచుకొనును. అందులో విన్‌గెట్ అను మాటను, నడుమ ఒక ఖాళీ విడిచి, లిస్ట్ అను మాటను వ్రాయవలెను. మొదటిది డబ్ల్యూ, ఐ, ఎన్, జి, ఇ, టి అను ఆరక్షరములు. రెండవది ఎల్, ఐ, ఎస్, టి అను నాలుగక్షరములు. ఎంటర్ నొక్కగనే ప్రోగ్రాముల పేర్లును, వాని సంచిక సంఖ్యలును వరుసగా వచ్చును. మొదటిసారి నిబంధనలకు సమ్మతియా అని యంత్రము అడుగవచ్చును. సమ్మతియైనచో వై అను అక్షరము నొక్కవలెను. రెండవసారి అదే ఆజ్ఞను వ్రాసి, దాని చివర ఎడమవైపు సంఖ్య పెద్దదని చూపుటకు లెక్కలలో వాడు గుర్తును ఉంచి, ఆ పిమ్మట ఒక ఫైలు పేరు వ్రాయవలెను. ఆ పేరు చివర చుక్క పెట్టి టి, ఎక్స్, టి అను అక్షరములు చేర్చవలెను. అప్పుడు పట్టీ తెరమీదికి రాక ఆ ఫైలులోనికి చేరును. సాధారణముగా ఆ ఫైలు మన పేరుతో ఉన్న ఫోల్డరులో దొరకును.

దానిని నోట్‌ప్యాడ్‌లో తెరచి, కంట్రోలు మీటతో పి మీటను కలిపి నొక్కినచో అచ్చునకు సిద్ధమగును. వరుసలు పొడవైనవి గనుక కాగితమును అడ్డముగా పెట్టి అచ్చువేయుట మేలు. మొదటి వరుసలలో అర్థములేని గీతలున్నచో తుడిచివేయవచ్చును. కొన్ని పొడవైన పేర్లు చివర చుక్కలతో తెగిపోవచ్చును. వానిని కలముతో పూరింపవలెను. విన్‌గెట్ విండోస్ 11తో వచ్చును. విండోస్ 10 యొక్క ఇటీవలి సంచికలలోను ఉండును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. డబ్ల్యూమిక్ అను పాత ఆజ్ఞతో ఈ పట్టీ తీయవచ్చునని చాలకాలముగా ఒకరి నుండి ఒకరు నేర్చుకొనుచున్నారు. మైక్రోసాఫ్ట్ సంస్థ 2021లోనే ఆ సాధనమును విడనాడదగినదిగా ప్రకటించినది. కొత్త యంత్రములలో అది ఉండకపోవచ్చును. అంతకంటె ముఖ్యమైన సంగతి మరొకటి. ఆ పద్ధతిలో ఒక తరగతికి చెందిన ప్రోగ్రాములు మాత్రమే పట్టీలోనికి వచ్చును. పైగా పేరు అడిగినంతమాత్రమున ప్రతి ప్రోగ్రామును తనిఖీ చేసి, అవసరమని తోచినచో మరమ్మతు కూడ ఆరంభించును. సామాను లెక్కింపుమనగా ప్రతి పెట్టెయు విప్పి సర్దుటకు పూనుకొన్న పనివాని చందమిది.

ఇతర వ్యవస్థలలో ఈ పని ఇంకను సుకరము. ఆపిల్ వారి మ్యాక్ యంత్రములో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అను దానిని తెరచి, సాఫ్ట్‌వేర్ అను శీర్షిక క్రింద అప్లికేషన్స్ అను మాటను ఎన్నుకొనినచో పూర్తి పట్టీ కనబడును. దానిని ఫైలుగా భద్రపరచుకొనవచ్చును. లినక్సులో డెబియన్, ఉబుంటు మొదలైనవానికి డీపీకేజీ అను సాధనము కలదు. అది ఇచ్చు పట్టీని కొత్త యంత్రమునకు అందించి, అవే ప్రోగ్రాములను మరల స్థాపింపుమని ఆజ్ఞాపింపవచ్చును. అనగా అక్కడ పట్టీ జ్ఞాపకార్థమే కాదు, పనిముట్టు కూడ అగుచున్నది.

ఇంతవరకు వచ్చినది యంత్రము చెప్పిన పట్టీ. అది అసంపూర్ణమని గ్రహించుటయే ఈ విషయములో ప్రధానము. చిట్టాలో పేరు నమోదు చేసికొనక, ఫైలుగా తెచ్చి ఉంచినంతమాత్రమున పనిచేయు ప్రోగ్రాములు కొన్ని కలవు. అవి పట్టీలోనికి రావు. ఒకే యంత్రమును ఇద్దరు వేరువేరు పేర్లతో వాడుచున్నచో, ఒకరు తమ కొరకు మాత్రమే స్థాపించుకొన్నది రెండవవారి పట్టీలో కనబడకపోవచ్చును. కావున ఎవరి పట్టీ వారు తీయవలెను. వీనికంటె తెలుగువారికి ముఖ్యమైన లోపము ఇంకొకటి కలదు. అది ఫాంట్ల సంగతి.

1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంచికలోనే తెలుగు లిపికి స్థానము లభించినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఫాంటు వచ్చినది. కాని మన ముద్రణాలయములలో పని అంతకు పూర్వమే ఆరంభమైనది. అను వంటి ఫాంట్లతో, పేజ్‌మేకర్ వంటి ప్రోగ్రాములతో పత్రికలు, పుస్తకములు, శుభలేఖలు లెక్కలేనన్ని కూర్చబడినవి. ఆ ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరములకు కేటాయించిన గడులలో తెలుగు అక్షరముల ముక్కలను అమర్చియుందురు. ఫాంటు ఉన్నంతవరకు అది చక్కని తెలుగు. ఫాంటు లేనినాడు అదే పుట ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలగలిసి అర్థము కాని గజిబిజిగా కనబడును.

ఒక చిన్న పట్టణములో ఇరువది ఏండ్లుగా నడచుచున్న ముద్రణాలయము ఉన్నదనుకొందము. స్థానిక కవుల కావ్యములు, దేవాలయ చరిత్రలు, గ్రామముల చరిత్రలు అక్కడ కూర్చబడినవి. ఫైళ్ళకు ప్రతులు తీసి జాగ్రత్తగా దాచినారు. యంత్రము పోయినది, ఫైళ్ళు నిలిచినవి. ఐనను వానిని కూర్చిన ప్రోగ్రాము ఏ సంచికయో, ఫాంటు ఏదియో, మీటల అమరిక ఏదియో ఎవరును వ్రాసి ఉంచలేదు. పేజ్‌మేకర్ అభివృద్ధి 2004లోనే ఆగిపోయినది గనుక అంగడికి పోయి కొత్తది తెచ్చుకొనుటకు వీలులేదు. పాత ఫాంట్ల పాఠమును యూనికోడ్‌లోనికి మార్చు సాధనములు నేడు కలవు. కాని ఏ ఫాంటునుండి మార్చవలెనో ముందు వానికి చెప్పవలెను. ఆ ఒక్క పేరు తెలియనిచో పుస్తకము ఉండియు లేనట్లే. విన్‌గెట్ ఇచ్చు పట్టీలో ఈ ఫాంట్ల పేర్లుండవు. విండోస్‌లో ఫాంట్స్ అను పుట వేరుగా ఉన్నది. దానిని చూచి, మనము చేర్చిన తెలుగు ఫాంట్ల పేర్లు చేతితో వ్రాసికొనవలెను.

కావున అచ్చువేసిన కాగితము ప్రక్కన కలముతో వ్రాయదగినవి నాలుగు గలవు. మొదటిది, ఈ ప్రోగ్రాము ఎందులకు ఉపయోగించుచున్నామన్నది. రెండవది, ఎక్కడనుండి తెచ్చితిమన్నది: కొన్నదా, ఉచితమైనదా, ప్రింటరుతో వచ్చినదా. మూడవది, కొన్నదైనచో దాని అనుమతి సంఖ్య ఎక్కడ దాచితిమన్నది. నాలుగవది, తెలుగు పనికి వాడిన ఫాంటును, మీటల అమరికయు. పట్టీ తలమీద తేదీ వేయుట మరువరాదు. తేదీ లేని పట్టీ ఏ కాలపుదో తెలియదు. ఈ వ్రాత వ్రాయునప్పుడే ఇంకొక లాభము కలుగును. ఎందులకు ఉన్నదో ఇంటిలో ఎవరికిని తెలియని ప్రోగ్రాము బయటపడును. అది ఏదియో విచారించి, అవసరము లేనిదైనచో తీసివేయవచ్చును.

ఇది ఇంటి సౌకర్యమునకు మాత్రమే సంబంధించినది కాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము అనేక దేశములలోని కంప్యూటర్లకు తాళము వేసి సొమ్ము అడిగినది. అది వాడుకొన్న లోపమునకు దిద్దుబాటు ఆ ఏడాది మార్చి నెలలోనే వెలువడియుండెను. దిద్దుబాటు చేయవలెనన్న యంత్రములో ఏ సంచిక ఉన్నదో ముందు తెలిసియుండవలెను. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అను చిన్న భాగములో పెద్ద లోపము బయటపడినది. అది వేలకొలది ప్రోగ్రాముల లోపల ఒదిగియుండెను. అప్పుడు సంస్థలకు ఎదురైన మొదటి ప్రశ్న దానిని ఎట్లు దిద్దవలెనని కాదు. అది మన యొద్ద ఉన్నదా, ఉన్నచో ఎక్కడ ఉన్నదని. పట్టీ ఉన్నవారు త్వరగా వెదకగలిగిరి. లేనివారు యంత్రము వెంట యంత్రము తిరుగవలసి వచ్చినది. ప్రోగ్రాములలోని భాగములకు కూడ పట్టీ ఉండవలెనను భావము ఆ తరువాత మరింత బలపడినది. మన దేశములో సెర్ట్-ఇన్ సంస్థ 2024లో ఇందుకు మార్గదర్శకములు ప్రకటించినది.

ఒక జాగ్రత్త కూడ చెప్పవలెను. ఇంటి సామాను పట్టీని వీధి తలుపునకు ఎవరును అంటింపరు. ఏ ప్రోగ్రాము, ఏ సంచిక అను వివరము దొంగకు కూడ పనికివచ్చును. పాత సంచికల లోపములు వానికి తెలిసియుండును. కావున ఈ కాగితమును బీరువాలో ఇతర పత్రములతోపాటు ఉంచవలెనే కాని, గోడకు తగిలింపరాదు, దాని ఫోటో తీసి అందరికిని పంపరాదు. అనుమతి సంఖ్యలను ఈ కాగితముమీదనే వ్రాయక, అవి ఉన్న చోటు మాత్రము గుర్తు పెట్టుకొనుట మంచిది.

ఎన్నాళ్ళకొకసారి ఈ పని చేయవలెనను ప్రశ్న మిగిలినది. ఏడాదికొకసారి ఐనను చేయవలెను. దసరాలలో ఆయుధపూజనాడు మనవారు తమ పనిముట్లను శుభ్రపరచి, వరుసగా పేర్చి, కుంకుమ పెట్టుదురు. నేడు అనేక చోట్ల కంప్యూటరునకును ఆనాడు బొట్టు పెట్టుచున్నారు. పనిముట్లను పూజించుటకు ముందు అవి ఏవియో లెక్క చూచుకొనుట ఆ పండుగలోనే ఇమిడియున్నది. ఆనాడు ఒక అరగంట వెచ్చించి ఈ పట్టీ తీసి, తేదీ వేసి, పాతదానితో సరిచూచి, బీరువాలో ఉంచినచో చాలును. మనకొరకే కాదు, మన తరువాత ఆ యంత్రము ముందు కూర్చుండువారి కొరకు కూడ అది ఉపకరించును.