చాలని బడి



ఈ శతవార్షిక సంవత్సరములో మనము ఎక్కువగా కట్టడములను గూర్చియే మాట్లాడుకొనుచున్నాము. ఏ గుడి గోడ ఎంత మందము, ఏ బోర్డింగుకు దూలములు ఎక్కడనుండి వచ్చినవి అని పెద్దలు చెప్పుచుండగా వినుట మాకును ఇష్టమే. అయితే ఈ పూట మేము చెప్పదలచిన కట్టడము అట్టిది కాదు. అది చాలకపోవుటచేతనే చరిత్రకెక్కినది.

అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీలో ఫార్మ్‌విల్ అను చిన్న ఊరు కలదు. అక్కడ 1939లో నల్లజాతి పిల్లలకొరకు ఒక ప్రభుత్వ హైస్కూలు కట్టిరి. ఒక్క అంతస్తు ఇటుక కట్టడము. పేరు రాబర్ట్ రూసా మోటన్ హైస్కూలు. 180 మందికని కట్టిన దానిలో 1951 నాటికి 450 మందికి పైగా చదువుచుండిరి. భోజనశాల లేదు, వ్యాయామశాల లేదు, సైన్సు ప్రయోగశాల లేదు. తెల్లవారి హైస్కూలులో ఇవన్నియు ఉండెను. క్రొత్త బడి కావలెనని అడిగిన తల్లిదండ్రులకు దొరికినవి, చెక్క చట్రములకు తారు కాగితము కప్పిన పాకలు! వాన వచ్చిన కారును. చలికాలమున పొయ్యి దగ్గరి పిల్లవానికి ఉక్క, దూరముగా ఉన్నవానికి వణుకు.

1951 ఏప్రిల్ 23న బార్బరా జాన్స్ అను పదునారేండ్ల బాలిక లేచినది. ప్రధానోపాధ్యాయుని ఒక దొంగ ఫోనుతో ఊరిలోనికి పంపించి, పిల్లలను హాలులో సమకూర్చి, ఉపాధ్యాయులను బయటికి వెళ్లుడని కోరి మాట్లాడెను. పిల్లలు బడి విడిచి నడిచిరి. సమ్మె రెండు వారములు సాగెను. బోధకులముగా ఆ ఫోనును మెచ్చుకొనలేము. తప్పుపట్టుటకును నోరు రాదు.

పిల్లలు అడిగినది మంచి బడి మాత్రమే. ఫస్ట్ బాప్టిస్టు సంఘ కాపరి ఫ్రాన్సిస్ గ్రిఫిన్ గారు వారికి గుడి తలుపులు తెరచిరి. అక్కడికి వచ్చిన న్యాయవాదులు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ గార్లు, క్రొత్త కట్టడముకొరకు కాదు, జాతినిబట్టి బడులను వేరుచేయుటనే తీసివేయుమని దావా వేయుదుమనిరి. పిల్లలును తల్లిదండ్రులును సమ్మతించిరి. ఆ దావా మరి నాలుగు దావాలతో బ్రౌన్ వ్యాజ్యములో కలిసెను. ఐదింటిలో పిల్లలు మొదలుపెట్టినది ఇదొక్కటే. 1954 మే 17న సుప్రీంకోర్టు ప్రభుత్వ బడులలో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను.

కథ ఇక్కడ ముగిసిన ఎంత బాగుండును! కలిపి చదివించుటకంటె మూసివేయుటే మేలని 1959లో ఆ కౌంటీవారు ప్రభుత్వ బడులన్నిటికిని తాళములు వేసిరి. ఐదేండ్లు! తెల్ల పిల్లలకు ప్రైవేటు అకాడమీ ఏర్పడెను. నల్ల పిల్లలలో కొందరు దూరపు బంధువుల ఇండ్లకు వెళ్లిరి, కొందరు గుళ్లలో నడిచిన చిన్న తరగతులలో కూర్చుండిరి, అనేకులకు చదువే లేకపోయెను. మా మనస్సును పట్టుకొనునది ఇదే: కాపరిగారి పిల్లల బడియు మూతపడెను. 1964 మే 25న బడులు తెరువవలెనన్న తీర్పు గ్రిఫిన్ అను వారి యింటి పేరుతోనే ఉన్నది.

ఆ పాత కట్టడము కూలకుండ నిలిపినవారిలో మార్తా ఫారెస్టర్ కౌన్సిల్ అను నల్లజాతి స్త్రీల సంఘము ముఖ్యము. 2001 ఏప్రిల్ 23న, సమ్మె జరిగి సరిగా యాభై ఏండ్లకు, అది మ్యూజియముగా తెరువబడెను. 2004లో వర్జీనియా రాష్ట్రము, బడులు మూసినందున చదువు పోగొట్టుకొన్నవారికి స్కాలర్‌షిప్పులు ఏర్పరచెను. అప్పటికి వారిలో అనేకులు యాభై దాటినవారు. ఆ వయస్సున పుస్తకము పట్టుకొని మరల తరగతిలో కూర్చున్నవారు ఉన్నారు.