మదర్‌బోర్డు మారినను మన పాఠములు నిలిచిన కథ

(విదురాశ్వత్థమున జరిగిన పాఠశాల వార్షికోత్సవ సభలో తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగము)



ఇట్టి సభలలో విద్యాప్రాశస్త్యమును గూర్చియు, క్రమశిక్షణను గూర్చియు మాటలాడుట వాడుక. ఈ సంవత్సరము మేము అంత పెద్ద విషయము నెత్తుకొనలేదు. మన పాఠశాల కంప్యూటరు చెడిపోయినప్పుడు మాకు కలిగిన భయమును, దానివలన మేము నేర్చుకొన్న పాఠమును మీకు నివేదింపదలచితిమి. నేడు మీలో అనేకుల యిండ్లలో కంప్యూటరో ల్యాప్‌టాపో కలదు. కావున ఇది మీకును పనికివచ్చు మాటయే.

ఆ కంప్యూటరు 2016వ సంవత్సరమున విడిభాగములు కొని కూర్పించినది. పిల్లల మార్కుల పట్టికలు, ఈ వార్షిక సంచిక పుటలు, ఉపాధ్యాయులు సిద్ధపరచిన తెలుగు పాఠములు అన్నియు దానిలోనే యుండెను. వీని యన్నిటికన్న విలువైనది మరియొకటి కలదు. 1938 ఏప్రిల్ 25వ తేదీన ధ్వజసత్యాగ్రహమునకై ఇచ్చట చేరిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిన సంగతి మీ రెరిగినదే. ఆ దినమును పసితనమున చూచినవారి యొద్దకును, తమ పెద్దల నోట విన్నవారి యొద్దకును మన పిల్లలు పోయి వారి మాటలను ధ్వనిముద్రణము చేసిరి. గౌరీబిదనూరు, బాగేపల్లి, చింతామణి సీమల తెలుగు, నడుమనడుమ కన్నడము కలిసిన మన యింటి తెలుగు, వానిలో ఉన్నదున్నట్లు వినవచ్చును. ఆ వృద్ధులలో కొందరు నేడు మన మధ్య లేరు. వారి కంఠములకు రెండవ ప్రతి లేకుండెను. ఇది మా తప్పు, సభాముఖమున ఒప్పుకొనుచున్నాము.

గడచిన వానకాలమున ఒక సాయంకాలము సమీపమున పిడుగు పడి కరెంటు ఒక్కసారి హెచ్చి పోయెను. మరునాడు మీట నొక్కిన కంప్యూటరు పలుకలేదు. కరెంటునందించు ఎస్‌ఎంపీఎస్ పెట్టెను మార్చి చూచినను ఫలితము లేకపోయెను. మరమ్మతు చేయునొకరు వచ్చి చూచి, "మదర్‌బోర్డు పోయింది సార్. వేరేది వేసి, ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ ఎక్కించాల్సిందే" అనిరి. లోపలి వస్తువుల గతి యేమని అడిగితిమి. "అవి పోతాయి" అని తేలికగా చెప్పిరి. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు.

సంగతి విని, ఇంజనీరింగు చదివిన మన పూర్వవిద్యార్థిని యొకతె ఆదివారమునాడు వచ్చెను. ఆమె పెట్టె మూత విప్పి చూచి, "అయ్యవారూ! ఇంటి గోడ కూలితే గాదెలో రాగులు పోతాయా?" అని నవ్వెను. ఆ ఒక్క మాటతో మాకు విషయము బోధపడెను.

మదర్‌బోర్డనగా అన్ని భాగములను కలిపి వానికి కరెంటును, వార్తలను అందించు పలక. లెక్కలు చేయునది ప్రాసెసరు. పని జరుగునంతసేపు తాత్కాలికముగా జ్ఞాపకముంచుకొనునది ర్యాము. మనము వ్రాసినవియు, విండోస్ అను ఆపరేటింగ్ సిస్టమును శాశ్వతముగా నిలిచియుండునది డిస్కునందు. పలక కాలినంత మాత్రమున డిస్కులోని యక్షరము ఒక్కటియు చెరగదు.

మరి మరమ్మతువారు ఫార్మాటు చేయవలెనని యేల అందురు? ఇది పాతకాలపు అనుభవమునుండి వచ్చిన అలవాటు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తాను మొదట ఎక్కిన బోర్డుకు తగిన డ్రైవర్లనే ఆరంభమున మేల్కొలుపుచుండెను. బోర్డు మారినచో తన డిస్కును తానే కనుగొనలేక నీలిరంగు తెరను చూపి నిలిచిపోవుట తరచుగా జరుగుచుండెను. 2012లో వచ్చిన విండోస్ 8 మొదలుకొని, 2015లో వచ్చిన విండోస్ 10లోను, ఈ యిబ్బంది చాలవరకు తగ్గెను. క్రొత్త బోర్డును చూచినప్పుడు అవి తగిన డ్రైవర్లను తామే వెదకి అమర్చుకొనును. ఉబుంటు మొదలైన లినక్స్ పద్ధతులలో డ్రైవర్లు చాలవరకు లోపలనే యుండును గనుక అచ్చట పని మరింత సులభము. కాలము మారినను అలవాటు మారలేదు, అంతియే.

అయినను ఆమె వెంటనే బోర్డు మార్చుటకు పూనుకొనలేదు. మొదట డిస్కును ఊడదీసి, సాటా నుండి యూఎస్‌బీకి మార్చు చిన్న తీగతో తన ల్యాప్‌టాపునకు తగిలించెను. కొన్ని క్షణములకు ఫోల్డర్ల పేర్లు కనబడెను. ఒక ముద్రణమును తెరువగా, నేడు లేని యొక అవ్వ కంఠము గదియంతయు వినబడెను. మాలో కొందరి కన్నులు చెమర్చెను. ఆ సాయంకాలమే అన్నిటిని రెండు బయటి డిస్కులకు ప్రతి తీసితిమి. ఒకటి పాఠశాల బీరువాలో నుంచితిమి. రెండవది వేరొక చోట భద్రపరచితిమి. సంపద ఆనాడే దక్కెను. తరువాత జరిగినదంతయు సౌకర్యమునకై చేసిన పని మాత్రమే.

ప్రతి దక్కిన తరువాత ఫార్మాటు చేసిన నష్టమేమని మీరడుగవచ్చును. నష్టము కలదు. మా పాత తెలుగు పాఠములు కొన్ని ముద్రణాలయపు పాత ఫాంట్లతో కూర్చబడినవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచిన అవి అర్థములేని గుర్తులుగా కనబడును. ఆ ఫాంట్లను ఎక్కించుటకు వలసిన సామగ్రి ఇప్పుడు మా యొద్ద లేదు. కన్నడమునకు వాడు నుడి, ప్రింటరు అమరికలు, ఇంకను అనేకములు దానిలో కుదురుకొని యున్నవి. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 128 స్థానములును, దాని ప్రక్కనే కన్నడమునకు 128 స్థానములును కేటాయింపబడినవి. ఈ సీమలో వలె అచ్చటను రెండును ఇరుగుపొరుగులే. ఆ పద్ధతిలో వ్రాసినవి యే కంప్యూటరులోనైనను తెరవవచ్చును. పాత పాఠములను దానిలోనికి మార్చు పని ముగియువరకు, ఉన్న ఏర్పాటు చెడకుండుట మాకవసరమయ్యెను.

ఇక బోర్డు సంగతి. మా ప్రాసెసరు ఇంటెల్ ఆరవ తరమునకు చెందినది. అది కూర్చుండు సాకెట్టు పేరు ఎల్‌జీఏ 1151. బెంగుళూరు ఎస్.పీ. రోడ్డు దుకాణములలో వెదకగా పాతదానితో సమానమైనది దొరకలేదు. వేరొక కంపెనీవారి హెచ్110 రకము దొరకెను. ఇచ్చట ఒక మోసపోవు చోటు కలదు. ఎనిమిదవ తరము ప్రాసెసర్లకై వచ్చిన బోర్డుల సాకెట్టు పేరు సయితము 1151యే. పేరొకటే గాని వానిలో ఆరవ తరము ప్రాసెసరు పనిచేయదు. కావున సాకెట్టు పేరుతో తృప్తిపడక, బోర్డు తయారుచేసినవారి పట్టికలో మన ప్రాసెసరు పేరున్నదో లేదో చూచియే కొనవలెను.

బిగించుట కష్టము కాదు; ఓపిక కావలెను. తీగలు ఎట్లు తగిలియున్నవో ముందుగా ఫోటో తీసితిమి. కరెంటు పూర్తిగా తీసి, ఇనుప పెట్టెను చేతితో తాకి, శరీరమందలి స్థిర విద్యుత్తును పోగొట్టుకొంటిమి. ప్రాసెసరుపై పాత పేస్టును తుడిచి క్రొత్తది పూసితిమి. క్రొత్త బోర్డు రంధ్రములకు సరిపోని ఇత్తడి మేకులను పెట్టెనుండి తొలగించితిమి. లేనిచో అవి బోర్డు వెనుక తగిలి షార్టు కావచ్చును.

అన్నియు ముగించి మీట నొక్కితిమి. ఫ్యాను తిరిగెను. కాని తెరపై బూటు చేయదగిన డిస్కు లేదను సందేశము వచ్చెను! మరల మా గుండె జారెను. ఆమె మాత్రము తొణకలేదు. మా డిస్కు పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజింపబడినది. క్రొత్త బోర్డు యూఈఎఫ్ఐ పద్ధతిలో మాత్రమే వెదకుచున్నది. బయోస్‌లోనికి పోయి సీఎస్ఎం అను అమరికను తెరచినంతనే విండోస్ గుర్తు కనబడెను. పరికరములు సిద్ధమగుచున్నవని చెప్పుచు అది కొన్ని నిమిషములు తీసికొనెను. తనంతట తాను రెండు మారులు ఆగి మరల మొదలయ్యెను. ఈ సమయమున తొందరపడి కరెంటు తీయరాదు. తుదకు మా పాత తెర, దానిపై మా పాత ఫోల్డర్లు, ఎక్కడివక్కడ కనబడెను. నెట్టు డ్రైవరొకటి మాత్రము పెన్‌డ్రైవులో తెచ్చి ఎక్కింపవలసి వచ్చెను.

మరియొక చిక్కు మిగిలెను. విండోస్ లైసెన్సు బోర్డును గుర్తుపెట్టుకొనును. బోర్డు మారిన, ఇది వేరు యంత్రమని తలచును. యంత్రముతోపాటు కంపెనీవారు వేసి యిచ్చిన లైసెన్సు సాధారణముగా ఆ బోర్డుతోనే ముగియును. విడిగా కొనినదైన మార్చుకొనవచ్చును. మాది విడిగా కొనినది. దాని పెట్టెను, సంకేతసంఖ్యను ప్రధానోపాధ్యాయులవారు బీరువాలో దాచియుండిరి. ఆ కాగితమే మమ్ము వేరొక ఖర్చునుండి తప్పించెను.

ఈ పనికి గల పరిమితిని సయితము దాచకుండ చెప్పవలెను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 సాధారణ పోషణ ముగిసినది. మా ప్రాసెసరు విండోస్ 11కు అర్హమైనది కాదు. కావున ఇప్పుడు ఆ యంత్రమును నెట్టునకు తగిలింపక, పాఠములు తెరచుటకును అచ్చునకును మాత్రమే వాడుచున్నాము. డిస్కే చెడినచో, లేక వైరసు సోకినచో, ఈ ఉపాయమును పట్టుకొని వ్రేలాడరాదు. ప్రతి తీసికొని విండోస్ మరల ఎక్కించుటయే మేలు.

తల్లిదండ్రులారా! మీ పిల్లల ల్యాప్‌టాపుల విషయమున మరింత జాగరూకత వలయును. నేటి ల్యాప్‌టాపులలో అనేకములందు డిస్కులోని వస్తువులు బిట్‌లాకర్ వంటి తాళముతో మూయబడియుండును. ఆ తాళపుచెవిని కాపాడు టీపీఎం బోర్డునందే యుండును. బోర్డు పోయిన తరువాత డిస్కును వేరొకదానికి తగిలించిన, 48 అంకెల రికవరీ సంఖ్య నడుగును. అది లేనిచో గాదె యున్నను తలుపు తెరుచుకొనదు. ఇది సాధారణముగా ల్యాప్‌టాపునకు జతచేసిన మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరకును. కొన్ని పలుచని ల్యాప్‌టాపులలో డిస్కు బోర్డుకే అతికియుండును. అచ్చట ముందుగా తీసిన ప్రతి తప్ప వేరు దిక్కు లేదు.

కావున మీకు మూడు మనవులు. పిల్లలు వ్రాసినవియు, ఇంటి పెద్దల ఫోటోలును, మాటలును కంప్యూటరుకు వెలుపల మరి రెండు చోట్ల ప్రతి తీసి యుంచుడు. లైసెన్సు కాగితమును, ఆ 48 అంకెలను వ్రాసి పొలము పత్రములతోపాటు దాచుడు. ఎవరైనను ఫార్మాటు అనినప్పుడు, డిస్కు బాగుగా నున్నదా యని ముందడుగుడు.

మన ఊరికి పేరు తెచ్చిన పురాతన అశ్వత్థవృక్షము 2001లో నేలకూలినది. ఊరి పేరు కూలలేదు. ఏలయన అది ఒక్క మ్రానియందు గాక వేల జనుల నోట నిలిచియుండెను. ఒకే చోట నున్నది ఒక్క పిడుగుకు పోవును. పలుచోట్ల నున్నది నిలుచును. ఆ అవ్వల తాతల మాటలు ఈ సంచిక మీ చేతికందునప్పటికి ప్రతులు సిద్ధమై యుండును. కోరిన తల్లిదండ్రులు పాఠశాలకు పెన్‌డ్రైవుతో వచ్చి తీసికొనిపోవచ్చును. ఎందరు తీసికొనిపోయిన, మాకు అంత ధైర్యము.